అంతఃప్రత్యయానికి రెండు మార్కులు

ముప్పై మూడేళ్ళు డిగ్రీ కాలేజీల్లో తెలుగు చెప్పాను. హిందూపురంలో మొదలుపెట్టి, పెనుకొండ మీదుగా వచ్చి ధర్మవరంలో దిగాను. రైలు కూడా ఇదే దారిలో పోతుంది. కాకపోతే దానికి ఇంత కాలం పట్టదు.

ఈ మధ్య కొత్తగా లెక్చరర్లుగా చేరిన నలుగురు పిల్లలు ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. వాళ్ళకు నిజంగా కావలసినవి బదిలీల కిటుకులూ, సెలవుల లెక్కలూ అని నాకు తెలుసు. అవి రాయను. వాటిలో నాకంటే మా ఆఫీసు గుమాస్తాకే పాండిత్యం ఎక్కువ. నేను రాయగలిగింది ఒక్క పాఠం గురించి. నోట్సులో అది అర పేజీ. ఆ అర పేజీ నా ఉద్యోగమంతా నన్ను వెంటాడింది. ఇప్పటికీ వదల్లేదు.

కొత్తవాడి పేపరు

తెలుగు శాఖలో పేపర్లు పంచుకునే పద్ధతి ఒకటుంది. కావ్యాలు పెద్దవాళ్ళకు, నాటకం మధ్యవాళ్ళకు, భాషాశాస్త్రం కొత్తగా వచ్చినవాడికి. కొత్త కోడలికి అంట్లు పడ్డట్టు నాకు భాషాశాస్త్రం పడింది. హిందూపురంలో మా శాఖాధిపతి శేషాద్రి సార్. మంచి కంఠం, జరీ అంచు పంచె, పద్యం ఎత్తుకుంటే పక్క క్లాసు లెక్కల మాస్టరు కూడా సుద్దముక్క దించేవాడు. నేను చేరిన మూడో రోజే ఆయన నన్ను పిలిచి, అట్ట వేసిన ఒక లావుపాటి నోటుపుస్తకం చేతిలో పెట్టారు.

"ఇది మా గురువుగారి నోట్సు. ఆయనకు వాళ్ళ గురువుగారు ఇచ్చినారంట. డిక్టేషన్ చెప్పేటప్పుడు కామాలు కూడా చెప్పాల. మరిచిపోవద్దు" అన్నారు.

ఇంటికి తీసుకుపోయి చదివాను. అందులో 'అంతఃప్రత్యయములు' అనే అర పేజీ ఉంది. "మాట మధ్యలో చేరు ప్రత్యయము అంతఃప్రత్యయము. తెలుగులో అంతఃప్రత్యయములు కలవు. ఉదా: చేయించాడు, నడిపించాడు, తినిపించాడు. ఇందు 'ఇంచు' మధ్యన చేరినది" అని ఉంది. నాకు ఎక్కడో గుచ్చుకుంది. మర్నాడు వెళ్ళి అడిగాను.

"సార్, 'చేయించాడు'లో 'చేయి' అట్లే ఉంది గదా. దాని వెనకాల 'ఇంచు' చేరింది, దాని వెనకాల 'ఆడు' చేరింది. వరసగా వెనక చేరినవే గానీ లోపల దూరిందేముంది?"

శేషాద్రి సార్ కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడిచారు. "ఏమప్పా రామాంజులూ, తగాలుకు ఉండాదా?"

"ఫిలిప్పీన్స్ వాళ్ళ భాషకా సార్? ఉంది."

"అరబ్బీకి?"

"ఉంది సార్."

"సంస్కృతానికి సరే, ఎట్లాగూ ఉండాది. అందరికీ ఉండి మన తెలుగుకు లేకపోతే ఏమన్నా మర్యాదగా ఉంటాదా?"

అప్పటికి నాకు అర్థం కాలేదు గానీ, తరవాత తెలిసింది. మా ప్రాంతంలో ఎక్స్‌ప్రెస్ రైలు ఆగడం గురించి ఊళ్ళు ఎట్లా పట్టుబడతాయో, ఆయన అంతఃప్రత్యయం గురించి అట్లా పట్టుబట్టారు. పక్క ఊళ్ళో ఆగితే మన ఊళ్ళో ఎందుకు ఆగదు? ఇంకో మాట కూడా అన్నారు: "ఈ నోట్సు రాసి పాసైనోళ్ళు వేలమంది ఉండారు. నీ అనుమానం రాసి పాసైనోడు ఒకడుంటే పట్టుకరా."

క్లాసులో మడకశిర వైపు నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. ఒకడు లేచి, "కన్నడంలో కూడా 'మాడు' నుంచి 'మాడిసు' వస్తాది సార్, చేయించు మాదిరి. అదీ ఇదేనా?" అన్నాడు. నేను ఈ సంగతి శేషాద్రి సార్‌కు చెబితే ఆయన ముఖం వికసించింది. "చూడు, కన్నడానికీ ఉండాది! ఇంక మనకు లేదంటావా?"

ఆ ఏడాది కామాలతో సహా డిక్టేషన్ చెప్పాను.

ఇంతకీ అది ఏమిటి

మీలో తెలుగు కాని సబ్జెక్టు వాళ్ళూ ఉంటారు కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను. మాటకు ముందు చేరేది ఉపసర్గ: హారం, ఆహారం, ప్రహారం. వెనక చేరేది ప్రత్యయం: ఊరు, ఊరికి, ఊరిలో. ఈ రెండూ మర్యాదస్తులు, తలుపు బయటే నిలబడతాయి. అంతఃప్రత్యయం అట్లా కాదు. అది ధాతువును రెండుగా చీల్చి నడుమ కూర్చుంటుంది.

తగాలులో 'సులత్' అంటే రాయడం. 'స' తరవాత 'ఉమ్' దూరితే 'సుములత్', రాశాడు. కంబోడియా వాళ్ళ ఖ్మేర్ భాషలో పుట్టడం అనే మాట నడుమ ఇట్లాంటి ముక్కే దూరి పుట్టుక అవుతుంది. అంత దూరం పోవడమెందుకు, మన దేశంలోనే ముండారీలో 'ఓల్' అంటే రాయడం, 'ఒనోల్' అంటే రాత. 'దుబ్' అంటే కూర్చోవడం, 'దునుబ్' అంటే పదిమంది కూర్చునే సభ. సంతాలీలో 'దల్' అంటే కొట్టడం, నడుమ ఒక్క 'ప' పెట్టి 'దపల్' అంటే ఒకరినొకరు కొట్టుకోవడం. మా స్టాఫ్ మీటింగుల్లో ఈ 'దునుబ్'కూ ఆ 'దపల్'కూ తేడా ఇంత స్పష్టంగా ఉండేది కాదు.

పాత భాషల్లోనూ ఉంది. సంస్కృతంలో 'ఛిద్' ధాతువు నుంచి 'ఛినత్తి', అంటే ఛేదిస్తాడు. ఛేదంలో లేని 'న' ఇక్కడ ధాతువు కడుపులోకి వచ్చి కూర్చుంది. లాటిన్‌లో గెలుస్తాను అనడానికి 'వింకో', గెలిచాను అనడానికి 'వీకీ'. గెలిచేదాకా ఉన్న 'న' గెలిచాక కనపడదు. ఎన్నికల్లో మనల్ని ఓటు అడిగినవాళ్ళ వ్యవహారమూ ఇదే. ఇంగ్లీషువాడికి కోపమొస్తే పెద్ద మాటను నడిమికి విరిచి అందులో తిట్టు దూరుస్తాడు. ఆ ఉదాహరణ క్లాసులో చెప్పలేకపోయాను. చెప్పిన మిగతావన్నీ మరిచిపోయి అదొక్కటే గుర్తుపెట్టుకుంటారని భయం.

మన తెలుగులో ఈ పద్ధతి లేదు. లేకపోతే నష్టమూ లేదు. వెనక ఒకదాని తరవాత ఒకటి చేర్చుకుంటూ పోవడంలో మన భాషను మించింది తక్కువ. 'చేయించుకోలేకపోయినవాళ్ళకు' అని ఊపిరి తిప్పుకోకుండా అనగలం. దానికి మనం గర్వపడవచ్చు. కానీ మనకు ఉన్నదాని గురించి గర్వపడటం తేలిక కాబట్టి ఎవరికీ దానిమీద ఆసక్తి ఉండదు.

పెనుకొండ సదస్సు

పెనుకొండకు బదిలీ అయ్యాక అక్కడ ఒక జాతీయ సదస్సు పెట్టాం. జాతీయం ఎందుకంటే ఒకాయన పావగడ నుంచి వచ్చాడు, అది కర్ణాటక. బయటి నుంచి పిలిపించిన ముఖ్య వక్త గంటంబావు మాట్లాడి, ప్రపంచ భాషల్లోని అంతఃప్రత్యయాలన్నీ తెలుగు నుంచే పోయాయని తేల్చాడు. రాయలవారి కాలంలో ఈ కొండమీద కోట నుంచి బయలుదేరిన వర్తకులు సముద్రం దాటి పోయి ఫిలిప్పీన్స్ వాళ్ళకు నేర్పించి వచ్చారట. మరి వాళ్ళకు ఇచ్చేసి మనం ఉత్త చేతులతో మిగిలామా అని అడుగుదామనుకున్నాను. చప్పట్లు ఆగలేదు. ఆయనకు శాలువా కప్పింది నేనే.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అసలు పాఠం మా రికార్డు అసిస్టెంటు బాషా దగ్గర దొరికింది. వాళ్ళ వాళ్ళు ఏదో ఊళ్ళో ఇజ్తెమాకు పోతున్నారని సెలవు అడిగాడు. నాకు చెవిలో గంట మోగినట్టయింది.

"బాషా, ఇజ్తెమా అంటే ఏమి?"

"జనమంతా ఒకచోట జమ అయ్యేది సార్."

"జమ, ఇజ్తెమా. రెండూ ఒకటేనా?"

బాషా చేతిలో పెరుగన్నం ముద్ద అట్లే పట్టుకుని ఆలోచించాడు. "అవును గదా సార్! ఆ 'జ'కూ 'మ'కూ నడుమ 'త' యాడనుంచి వచ్చిందో!"

అంతే. ముందున్న 'ఇ' పలకడానికి ఊతం. నడుమ వచ్చిన 'త' అరబ్బీవాళ్ళ అంతఃప్రత్యయం. గంటంబావు ఉపన్యాసంలో దొరకనిది పెరుగన్నం ముద్దలో దొరికింది. నేను ఈ ఉదాహరణ సదస్సు సంచికలో వేద్దామంటే సంపాదకులు ఒప్పుకోలేదు. "ఆధారం ఏమి చూపిస్తావు? రికార్డు అసిస్టెంటు అని రాస్తావా?" అన్నారు. ముఖ్య వక్త వ్యాసం మాత్రం మొదటి పేజీలో వచ్చింది.

చౌడేశ్వరి

ధర్మవరం వచ్చేసరికి నాకు ధైర్యం కాస్త పెరిగింది. పెరిగిందంటే, క్లాసులో నిజం చెప్పేటంత పెరిగింది, నోట్సు మార్చేటంత పెరగలేదు. ఏటా ఒక రోజు ఆ పాఠం నిజంగా చెప్పేవాణ్ణి: ముండారీ, సంతాలీ, బాషా చెప్పిన ఇజ్తెమా అన్నీ. చివర్లో బోర్డు తుడిచి, "ఇదంతా తెలుసుకోవడానికి. పరీక్షకు మాత్రం నోట్సులో ఉన్నదే రాయండి" అనేవాణ్ణి. దీన్ని నేను లౌక్యం అనుకున్నాను. తోటివాళ్ళు కూడా అట్లే అనేవారు.

ఒక ఏడాది బి.ఏ. చివరి సంవత్సరంలో చౌడేశ్వరి అనే పిల్ల ఉండేది. వాళ్ళ నాయన ఓబులేసు పట్టుచీరలు నేస్తాడు. ఇంట్లో రెండు మగ్గాలు. పొద్దున కాలేజీకి వచ్చేముందు రెండు గంటలు మగ్గం మీద కూర్చుని వచ్చేది. నేను బోర్డు తుడుస్తుంటే లేచి నిలబడింది.

"సార్, ఒక మాట. మీరు చెప్పిన 'ఇంచు' చీరకు కొంగు మాదిరి. ఒళ్ళంతా నేసినాక చివర్లో వస్తాది. ఆ ముండారీ వాళ్ళది బుటా మాదిరి. బుటా ఎయ్యాలంటే పడుగు పోగులు కొన్ని పైకెత్తి, కొన్ని కిందికి దించి, ఆ నడుమ వేరే పోగు దూర్చాల. కొంగును బుటా అంటే మా ఈదిలో నవ్వుతారు సార్."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. పదిహేడేళ్ళుగా నేను వెతుకుతున్న ఉదాహరణ అది. "శభాష్" అన్నాను. అని, అలవాటు చొప్పున, "కానీ పరీక్షకు నోట్సే" అన్నాను.

ఆ పిల్ల మొదటి మాట విన్నది, రెండో మాట వినలేదు.

ఆమెకు ఎం.ఏ. చదవాలని పట్టుదల. ఇంట్లో ఒప్పందం నాకు తరవాత తెలిసింది. ఓబులేసు, "ఈ ఏడు ఒక్క దెబ్బకు పాసైతే యూనివర్సిటీకి పంపిస్తా. తప్పినావంటే రెండో మగ్గం నీది" అన్నాడట. తమ్ముడు బెంగళూరుకు పనికి పోయి రెండో మగ్గం ఖాళీగా పడి ఉంది. ఆ మనిషి కసాయి కాదు, ఖాళీ మగ్గం చూస్తూ కూర్చోలేనివాడు.

స్పాట్

పేపర్లు దిద్దే క్యాంపును మేం స్పాట్ అంటాం. ఒక హాలు, వరసగా బల్లలు, బల్లకో కట్ట. పేర్లు చించేసి నంబర్లు వేసి ఉంటాయి. పొద్దున ఒక కట్ట, మధ్యాహ్నం ఒక కట్ట. బయటివాళ్ళు మేం పేపర్లు చదువుతామనుకుంటారు. మేం వెతుకుతాం. కీ అని ఒక కాగితం ఇస్తారు, అందులో ఉన్న మాటలు పేపర్లో ఉన్నాయా లేదా అని చూస్తాం. ఉంటే మార్కు. పెసల్లో రాళ్ళు ఏరడం కూడా ఇంతకంటే శ్రద్ధగా చేస్తారు.

ఆ ఏడాది చీఫ్ ఎగ్జామినర్ శేషాద్రి సార్. ఆయనకు ఉద్యోగంలో అదే చివరి సంవత్సరం. కీ ఆయనదే. కీ అంటే మరేం లేదు, ఆ నోటుపుస్తకంలోని అర పేజీ. 'అంతఃప్రత్యయమనగా నేమి? తెలుగు నుండి ఉదాహరణ లిమ్ము' అని పది మార్కుల ప్రశ్న. నిర్వచనానికి రెండు, తెలుగు ఉదాహరణలకు ఎనిమిది.

రెండో రోజు మధ్యాహ్నం కట్టలో ఒక పేపరు తీశాను. ఈ ప్రశ్నకు నాలుగు పేజీలు. "తెలుగులో అంతఃప్రత్యయం లేదు" అని మొదలు. ముండారీ, సంతాలీ, ఇజ్తెమా. మూడో పేజీలో మగ్గం బొమ్మ. పడుగు పోగులు గీసి, నడుమ బుటా పోగు చుక్కలతో చూపించింది. కింద, "కొంగు ప్రత్యయం, బుటా అంతఃప్రత్యయం."

నంబరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఎవరిదో తెలిసిపోయింది. ఒక మాస్టరుకు జీతంలో దొరకనిది అప్పుడు దొరుకుతుంది. పెన్సిల్‌తో అంచున ఎనిమిది వేశాను. పది వేయాలని ఉంది. తెలుగు ఉదాహరణలు లేవు గదా అని నాలోని గుమాస్తా రెండు కోశాడు.

ఈ ఒక్కదానికి నాలుగు పేజీలు రాసి కూర్చున్నందువల్ల టైము చాలక చివరి రెండు ప్రశ్నలు సగం సగం వదిలేసింది. కూడి చూశాను. ఈ ఎనిమిదితో రెండు మార్కుల తేడాతో గట్టెక్కుతుంది.

అప్పుడే శేషాద్రి సార్ వెనక నిలబడ్డారు. చీఫ్ కొన్ని పేపర్లు తీసి చూడటం పద్ధతి.

"ఏమప్పా, ఇది కీలో ఉండాదా?"

"లేదు సార్. కానీ సరైన జవాబు."

"కీలో లేనిది సరైన జవాబు ఎట్లయితాది? ఎనిమిది ఏంటికి?"

"సార్, పిల్ల అర్థం చేసుకుని రాసింది."

ఆయన గొంతు తగ్గించారు. కోపం లేదు, జాలి ఉంది. "రామాంజులూ, ఈడ నువ్వు ఎనిమిది వేస్తే, పక్క బల్లలో ఇట్లాంటిదే ఇంకోడు సున్నా వేస్తాడు. రేపు పేపర్లు బయటికి తీస్తే ఎవరు జవాబు చెప్పేది? నువ్వు చెప్తావా? నేను రిటైరయ్యే ముందు నాకు ఈ తలనొప్పి పెడతావా?"

చుట్టూ నలుగురు తల ఎత్తి చూశారు. సమోసాలు వచ్చాయి. నేను జేబులోంచి రబ్బరు తీశాను. ఎనిమిది చెరిపాను. ఎర్ర ఇంకుతో రెండు వేశాను. శేషాద్రి సార్ నా భుజం తట్టి పక్క బల్లకు పోయారు. పాసు మార్కులకు నాలుగు తక్కువ.

ఆయన్ను తిట్టడం నాకు తేలిక, కానీ న్యాయం కాదు. ఆయన ఆ నోట్సును నిజంగా నమ్మారు. నమ్మనిది నేను. తెలియక తప్పుగా దిద్దినవాడి కంటే తెలిసి తప్పుగా దిద్దినవాడు నీచుడు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఓబులేసు ప్రశ్న

ఫలితాలొచ్చిన వారానికి ఓబులేసు కాలేజీకి వచ్చాడు. స్టాఫ్‌రూము బయట చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, కొట్లాటకు రాలేదు. మా పాప తప్పినాది, సరే. నేను అడిగేది ఒకటే. మగ్గం మీద చీరలో ఒక పోగు తప్పు పడితే, ఆ పోగు కాడికి విప్పి మళ్ళా నేస్తాం. ఒక్కోతూరి జానెడు విప్పాల్సి వస్తాది, అయినా విప్పుతాం. మీరు ఆ తప్పు యాడ పడిందో చూపిస్తే చాలు. పాప ఇంట్లోనే దిద్దుకుంటాది."

తప్పు యాడ పడిందో నాకు తెలుసు. ఆ ఎర్ర ఇంకు పెన్ను అప్పుడు కూడా నా జేబులోనే ఉంది.

"ఓబులేసూ, దిద్దేది ఎక్కడో, ఎవరో. మాకు తెలియదు. రీవాల్యుయేషన్ పెట్టుకోమను" అన్నాను. అది కూడా అదే కీతో దిద్దుతారని నాకు తెలుసు.

"మీకే తెలియదంటే ఇంక మాకేం తెలుస్తాది సార్" అని నమస్కారం పెట్టి పోయాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు. అందుకే అది ఇప్పటికీ చెవిలో ఉంది.

సప్లిమెంటరీ పరీక్ష అయ్యి ఫలితం వచ్చేసరికి ఎం.ఏ. సీట్లు అయిపోయాయి. ఈలోగా చౌడేశ్వరి రెండో మగ్గం ఎక్కింది.

ఇంకొక సంగతి. ఆ సప్లిమెంటరీ స్పాట్‌కు కూడా నేను పోయాను. చేతిరాత గుర్తుపట్టాను. ఈసారి అదే ప్రశ్నకు అర పేజీ: "మాట మధ్యలో చేరు ప్రత్యయము అంతఃప్రత్యయము. తెలుగులో అంతఃప్రత్యయములు కలవు. ఉదా: చేయించాడు, నడిపించాడు, తినిపించాడు." కామాలతో సహా. బొమ్మ లేదు.

పదికి తొమ్మిది వేశాను. కీ ప్రకారం అంతే వస్తుంది. ఎవరూ వెనక వచ్చి నిలబడలేదు, ఎవరూ ఎందుకు వేశావని అడగలేదు. నా ఉద్యోగంలో ఒక పిల్లకు నేను పూర్తిగా నేర్పించగలిగిన పాఠం అదొక్కటే.

మళ్ళీ ధర్మవరం

రిటైరై రెండేళ్ళయ్యింది. మొన్న మా ధర్మవరం కాలేజీవాళ్ళు అతిథి ఉపన్యాసానికి పిలిచారు. తొందరగా వెళ్ళి వరండాలో నడుస్తుంటే ఒక గదిలోంచి డిక్టేషన్ వినపడింది. ఆడగొంతు.

"తెలుగులో అంతఃప్రత్యయములు కలవు, ఫుల్‌స్టాప్. ఉదాహరణ, రెండు చుక్కలు. చేయించాడు, కామా..."

కిటికీలోంచి చూశాను. చౌడేశ్వరి. చెంపల దగ్గర జుట్టు కాస్త నెరిసింది. దూరవిద్యలో ఎం.ఏ. చేసి, కదిరిలో ప్రైవేటు కాలేజీల్లో చెప్పి, ఈ ఏడాదే ఇక్కడ గెస్టు లెక్చరరుగా చేరిందట. నన్ను చూసి నిజంగా సంతోషపడి లోపలికి పిలిచింది. పిల్లలందరూ లేచి నిలబడ్డారు.

"మా గురువుగారు. ఈ పాఠం నాకు చెప్పింది సారే" అంది.

"చౌడేశ్వరీ, బుటా ఏమయ్యింది?" అన్నాను మెల్లగా.

ఆమె నవ్వింది. "పరీక్షకు నోట్సే గదా సార్. మీరే చెప్పిండారు."

పిల్లల ముందు నేను చెప్పాను. మీ పుస్తకాల్లో ఇప్పుడు రాసుకున్నది తప్పని, సరైన జవాబు ఒకమ్మాయి ఏళ్ళ కిందట నాలుగు పేజీలు రాస్తే దానికి రెండు మార్కులు వేసి తప్పించింది నేనేనని, ఆ అమ్మాయి మీ మేడమేనని.

చౌడేశ్వరి చేతిలో సుద్దముక్క అట్లే పట్టుకుని నిలబడింది. "ఎన్ని వెయ్యాల్సింది సార్ దానికి?" అంది.

"పది."

"పదా?" అంది. కళ్ళు తుడుచుకుంది. "మా నాయనకు చెప్పాల సార్. నేను ఏదో తప్పు రాసిన అనుకోని ఉండాడు ఈ పొద్దుటికీ."

చివరి బెంచీలోంచి ఒకడు చెయ్యెత్తాడు. "మేడమ్, ఇప్పుడు పరీక్షకు ఏది రాయాల?"

ఆమె నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను. "రెండూ రాయండి" అంది. "ముందు నోట్సు, దాని కింద నిజం. దిద్దేవాళ్ళకు ఏది తెలిస్తే దానికి వేస్తారు."

క్లాసు నవ్వింది. ఉన్న పరిస్థితిలో ఇంతకంటే తెలివైన సలహా నేనూ ఇవ్వలేను. అందుకే నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం ఆమెతోపాటు వాళ్ళింటికి పోయాను. ఇప్పుడు ఇంట్లో ఒకటే మగ్గం. ఓబులేసు దాని ముందు గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను, అంతా చెప్పాను. పెన్సిల్ ఎనిమిది, రబ్బరు, ఎర్ర రెండు, స్టాఫ్‌రూములో చెప్పిన అబద్ధం. ఆయన పోగు దూర్చే నాడె పక్కన పెట్టి విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే మా పాప పోగు తప్పలేదు" అన్నాడు.

"లేదు."

"ఆ పొద్దు నేను వచ్చినప్పుడు చెప్పిండాల్సింది సార్. మగ్గం మీద ఉండేది యాడికైనా విప్పుతాం. కోసి మడత పెట్టి ఇచ్చేసిన చీర ఏం విప్పేది?" అని, లోపలికి చూసి, "సార్‌కు కాఫీ తేండి" అన్నాడు. నాడె మళ్ళీ అందుకున్నాడు.

కొత్తగా చేరిన పిల్లలూ, ఇదే నా వృత్తి అనుభవం. శేషాద్రి సార్ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. మీలో ఎవరికీ ఇవ్వను. స్పాట్‌కు మీకు పిలుపు వస్తుంది. బల్ల ఇస్తారు, కట్ట ఇస్తారు, కీ ఇస్తారు, నాలుగింటికి సమోసా ఇస్తారు. ఎప్పుడో ఒకసారి కీలో లేని నాలుగు పేజీలు మీ చేతికి వస్తాయి. అప్పుడు ఎన్ని వేయాలో మీకు తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కరలేదు. ఎర్ర పెన్ను తీసుకుపోండి. రబ్బరు మాత్రం ఇంట్లో పెట్టి పోండి.